హన్మకొండ లోక్‌సభ స్థానం ఎందుకు పోయింది? మా ఊరు ఇప్పుడు ఎందులో ఉంది?

మీరు అడిగింది ఇది: మీ తాతగారు హన్మకొండ ఎంపీకి ఓటేసేవాళ్లమంటారు, ఇప్పటి జాబితాలో ఆ స్థానమే లేదు. అది ఎప్పుడు, ఎందుకు పోయింది? ఊరు దేంట్లో కలిసిందో ఎలా తెలుసుకోవాలి? ఈ పాత రికార్డులు తరచూ చూస్తుంటాను కాబట్టి వివరంగా రాస్తున్నాను.

1976 నియోజకవర్గాల పునర్విభజనతో (హద్దులు మళ్లీ గీయడంతో) ఆంధ్రప్రదేశ్ లోక్‌సభ సీట్లు 41 నుంచి 42 అయ్యాయి. హన్మకొండ తొలి ఎన్నిక 1977లో జరిగింది. వరంగల్, కరీంనగర్ జిల్లాలు రెండింటిలోనూ పరుచుకున్న స్థానమిది. 1957 నుంచి మంథని ఎమ్మెల్యేగా ఉన్న పి.వి. నరసింహారావు లోక్‌సభకు మొదట ఎన్నికైంది ఇక్కడి నుంచే. 1980లోనూ ఆయనే గెలిచారు.

ఈ స్థానం పేరు దేశమంతా తెలిసింది మాత్రం 1984 ఎన్నికతో. కాంగ్రెస్‌కు నాలుగు వందలకు పైగా సీట్లు వచ్చిన ఆ ఎన్నికలో, కేంద్ర మంత్రిగా ఉన్న పి.వి. ఇక్కడ చందుపట్ల జంగారెడ్డి చేతిలో సుమారు 54 వేల ఓట్ల తేడాతో ఓడారు. దేశం మొత్తం మీద బీజేపీ గెలిచిన రెండు స్థానాల్లో ఇదొకటి, రెండోది గుజరాత్‌లోని మెహసానా. దీన్ని ఒక్క బీజేపీ బలంగా చూస్తే లెక్క తప్పుతుంది. తెలుగుదేశం మద్దతు జంగారెడ్డికి ఉంది, ఆ ఎన్నికలో రాష్ట్రంలో తెలుగుదేశం గెలిచినవే 30 సీట్లు. పి.వి. మహారాష్ట్రలోని రామ్‌టెక్‌లోనూ పోటీచేసి గెలవడంతో లోక్‌సభలోనే కొనసాగారు. ఆయన ప్రధాని అయినప్పుడు హన్మకొండ ఎంపీ అని చాలాచోట్ల రాస్తున్నారు, అది తప్పు. 1991 సాధారణ ఎన్నికల్లో ఆయన అసలు పోటీ చేయలేదు. ప్రధాని అయ్యాక నంద్యాల ఉపఎన్నికలో గెలిచారు.

తర్వాత 1989, 1991, 1996లో కాంగ్రెస్ నుంచి కమాలుద్దీన్ అహ్మద్, 1998, 1999లో తెలుగుదేశం నుంచి చాడ సురేశ్‌రెడ్డి, 2004లో టీఆర్‌ఎస్ నుంచి బి. వినోద్‌కుమార్ గెలిచారు.

ఇక రద్దు సంగతి. 2001 జనాభా లెక్కల ఆధారంగా జస్టిస్ కుల్దీప్ సింగ్ పునర్విభజన కమిషన్ గీసిన కొత్త హద్దులు 2008 ఫిబ్రవరి 19న అమల్లోకి వచ్చాయి. రాష్ట్రానికి 42 సీట్లే అని రాజ్యాంగ సవరణతో బిగించి ఉంచారు కాబట్టి, జనం పెరిగిన చోట కొత్త స్థానం కావాలంటే ఇంకోచోట ఒకటి తీసేయాల్సిందే. హైదరాబాద్ చుట్టూ మల్కాజిగిరి, చేవెళ్ల వచ్చాయి. మొత్తం మీద పార్వతీపురం, బొబ్బిలి, తెనాలి, మిర్యాలగూడ, భద్రాచలం, సిద్దిపేట, హన్మకొండ, ఈ ఏడు పేర్లు పోయాయి. అరకు, విజయనగరం, భువనగిరి, మహబూబాబాద్, జహీరాబాద్, పైన చెప్పిన రెండు, మొత్తం ఏడు వచ్చాయి. తెలంగాణ ప్రాంతంలో అసెంబ్లీ స్థానాలు 107 నుంచి 119కి పెరిగాయి. లోక్‌సభ స్థానానికి ఏడు అసెంబ్లీ సెగ్మెంట్ల (దాని కిందికొచ్చే అసెంబ్లీ స్థానాల) చొప్పున 17 స్థానాలయ్యాయి. కాబట్టి తెలంగాణకు అన్యాయం చేసి హన్మకొండను తీసేశారనే మాట నిలవదు. ప్రాంతం మొత్తానికి ఒక సీటు పెరిగింది, పోయింది ఈ పేరు.

చాలామంది తికమకపడేది ఇక్కడే. ఫిబ్రవరిలో రద్దయితే, అదే ఏడాది మే నెలలో హన్మకొండకు ఉపఎన్నిక ఎలా జరిగింది? పునర్విభజన చట్టం ప్రకారం కొత్త హద్దులు అప్పటికే ఉన్న సభను తాకవు. ఆ సభ రద్దయ్యేదాకా ఉపఎన్నికలు పాత హద్దుల మీదే. తెలంగాణ కోసం రాజీనామా చేసిన వినోద్‌కుమార్ ఆ ఉపఎన్నికలో మళ్లీ గెలిచారు. అదే ఈ స్థానానికి చివరి ఎన్నిక. ఎన్నికల సంఘం సాధారణ ఎన్నికల నివేదికల్లో ఇది కనిపించదు, ఉపఎన్నికల ఫలితాల్లో విడిగా వెతకాలి.

మీ ఊరి విషయానికొస్తే, జిల్లా పేరు పట్టుకుని వెళ్లొద్దు. 1976 పునర్విభజన ఉత్తర్వు తాలూకాలు, ఫిర్కాల (తాలూకాలోని చిన్న రెవెన్యూ భాగాల) లెక్కన రాసింది, మండలాలు వచ్చింది 1985లో. 2008 ఉత్తర్వు మండలాల లెక్కన ఉంది. 2016లో జిల్లాలు, మండలాలు మళ్లీ మారాయి, నియోజకవర్గాల హద్దులు మారలేదు. అందుకని 2001 జనగణన గ్రామ జాబితాలో ముందు మీ ఊరి అప్పటి మండలం చూడండి. ఆ మండలాన్ని 2008 ఉత్తర్వులో వెతికితే అసెంబ్లీ స్థానం, దాన్నిబట్టి లోక్‌సభ స్థానం దొరుకుతాయి. వెనక్కి వెళ్లాలంటే ఆ మండలం ఏ పాత తాలూకా నుంచి వచ్చిందో తేల్చుకుని, 1976 ఉత్తర్వు తెరవండి. కొన్ని ఉత్తర్వుల్లో ఒకే మండలాన్ని రెండు సెగ్మెంట్లకు పంచి, ఊళ్ల పేర్లు విడిగా ఇస్తారు. అలాంటప్పుడు ఊరి పేరు కనిపించేదాకా చదవాల్సిందే.

ఉదాహరణకు కమలాపూర్ మండలం ఇప్పుడు హనుమకొండ జిల్లాలో ఉంది, అసెంబ్లీకి హుజూరాబాద్, లోక్‌సభకు కరీంనగర్. ఎల్కతుర్తి, భీమదేవరపల్లి కూడా అదే జిల్లా, కానీ అసెంబ్లీకి హుస్నాబాద్, లోక్‌సభకు కరీంనగరే. హన్మకొండ పట్టణం వరంగల్ పశ్చిమ సెగ్మెంటు కింద వరంగల్ లోక్‌సభలో కలిసింది. 2008లోనే కమలాపూర్, శాయంపేట, హసన్‌పర్తి అసెంబ్లీ స్థానాలు కూడా రద్దయ్యాయి, పాత ఎమ్మెల్యే పేరుతో వెతికేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

నియోజకవర్గం క్రమసంఖ్యతో మాత్రం వెతకొద్దు. 1976 వరుస శ్రీకాకుళంతో మొదలైతే, 2008 వరుస ఆదిలాబాద్‌తో మొదలవుతుంది. అదే అంకె మిమ్మల్ని ఇంకో జిల్లాకు తీసుకెళ్తుంది. వరంగల్ ఫలితాలను 2009కి ముందు, తర్వాత పక్కపక్కన పెట్టి పోల్చడమూ కుదరదు. పేరు ఒకటే అయినా హద్దులు వేరు, పైగా 2009 నుంచి అది ఎస్సీ రిజర్వుడు. మీ ఊరి పేరు, పాత మండలం ఇక్కడ రాస్తే రెండు ఉత్తర్వుల్లోనూ చూసి చెబుతాను.