బండి అమ్మించనా, ఎక్కి కూర్చోనా?

ప్రశ్న: మాది సైనిక్‌పురి. మావారు 2019 చివర్లో రిటైరయ్యారు. వచ్చిన డబ్బులో పెద్ద భాగం పెట్టి ట్రావెలర్ వ్యాన్ కొని, లోపల పడకలు, వంటగట్టు, టాయిలెట్ పెట్టించారు. 2020 మార్చిలో హంపి చూసుకుని గోకర్ణం వెళ్దామని బయల్దేరాం. జనతా కర్ఫ్యూ రోజు హోస్పేటలో ఉన్నాం. నాకెందుకో భయమేసి ఇంటికి పోదామన్నాను. 'ఒక్కరోజు ముచ్చటేగా' అని నవ్వి ముందుకే పోనిచ్చారు. తర్వాత లాక్‌డౌన్. హుబ్బళ్లి బయట ఒక పెట్రోల్ బంకు వెనక నెల మీద పది రోజులు ఉండిపోయాం. అప్పట్నుంచి బండి పక్క ప్లాట్‌లో టార్పాలిన్ కింద ఉంది. ఇప్పుడు మళ్లీ వెళ్దామంటున్నారు. అబ్బాయి అమ్మేయమంటాడు, అమ్మాయి వెళ్లి రమ్మంటుంది. 'కరోనా ఎప్పుడో పోయింది, నీ భయమే పోలేదు' అంటారు ఈయన. ఇంటికెవరొచ్చినా ఆ కథ నవ్వుతూ చెప్తారు. నేను లేచి వంటింట్లోకి పోతాను. నాది పిచ్చి భయమేనా?

జవాబు: కాదమ్మా. మీ ఉత్తరం ఇక్కడ కుదించి వేశాం. పూర్తి ఉత్తరంలో జబ్బు మాట ఎక్కడో ఒకచోట వచ్చింది, అంతే. మిగతాదంతా హోస్పేట సాయంత్రమే. మీకు భయం వైరస్ అంటే కాదు, మీరు 'వెనక్కి' అన్నప్పుడు బండి ఆగదేమోనని.

ఆయన పక్షాన ఒక మాట చెప్పాలి. 2020 మార్చి 22 ఆదివారం సాయంత్రం అయిదింటికి దేశమంతా గుమ్మాల్లో నిలబడి చప్పట్లు కొట్టి, పళ్లాలు మోగించింది. దాంతో సరి అనుకున్నవాళ్లు కోట్లమంది. ఆయనా అందులో ఒకరు. కానీ అదే రోజు తెలంగాణలో నెలాఖరు దాకా లాక్‌డౌన్ అన్నారు, సరిహద్దులు మూసేస్తామన్నారు. హోస్పేట నుంచి హైదరాబాద్ ఒక్క పగటి ప్రయాణం. 24వ తేదీ రాత్రి ఎనిమిదింటికి ప్రధాని టీవీలో చెప్పాక మిగిలింది నాలుగు గంటలే. మీ మాట విని ఉంటే ఎలాగోలా ఇల్లు చేరేవాళ్లేమో. 'అలా అవుతుందని ఎవరికి తెలుసు' అని ఆయనంటారు. నిజమే, ఎవరికీ తెలీదు. కానీ మీరడిగేది అది కాదు కదా. నా మాటకి విలువెందుకు లేకపోయింది అనేది మీ ప్రశ్న. దానికి ఆయన ఇప్పటిదాకా జవాబే చెప్పలేదు.

ఉత్తరం చివర మార్జిన్‌లో ఇరికించి రాసిన సంగతి ఒకటుంది. నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించింది అదే. ఆ టాయిలెట్ కింది డబ్బా నిండినప్పుడల్లా బయటికి లాగి, బంకు దొడ్డి దాకా మోసుకెళ్లి, పారబోసి కడిగి తెచ్చింది మీరు. అదీ లారీల వాళ్లు లేవకముందే, తెల్లవారుజామున, కొంగు ముక్కుకి కట్టుకుని. ఆయనకి నడుం నొప్పి. ఆయన చెప్పే కథలో ఏముంటుంది? బంకాయన ఇంటి నుంచి వచ్చిన జొన్నరొట్టెలు, రాత్రి చుక్కలు, లారీ డ్రైవర్లతో కబుర్లు. అవీ అబద్ధాలు కావు. అయితే ఆ డబ్బా లేని కథ విని చుట్టాలు నవ్వుతుంటే మీరు వంటింట్లోకి పోక ఏం చేస్తారు?

కాబట్టి ముందు ఆ పాత లెక్క తేల్చుకోండి. ఎవరూ లేనప్పుడు, కాఫీ వేళ. 'ఎందుకలా చేశారు' అని మొదలెట్టకండి, వెంటనే వకీలైపోతారు. 'వైరస్ సంగతి వదిలేయండి. నేను భయపడి అడిగితే మీరు నవ్వి గేరు మార్చారు. ఆ నవ్వు నాకింకా మింగుడుపడలేదు' అనండి. డబ్బా సంగతీ చెప్పండి. అక్కడితో ఆపేయండి. అత్తగారి కాలం నాటి చిట్టా విప్పారో, అసలు మాట కొట్టుకుపోతుంది. ఆయన ఆ పూట ఉలకకపోవచ్చు, పలకకపోవచ్చు. వదిలేయండి. ఆదివారం ఆదివారం టార్పాలిన్ తీసి ఇంజిన్ స్టార్ట్ చేసి చూసుకుంటారని రాశారు. రిటైరైన మూణ్ణెల్లకే లోకం మూతపడితే ఆ మనిషికీ కడుపులో ఏదో ఉండిపోయుంటుంది. ఎప్పుడైనా అడిగారా? మీరడిగితే ఆయన చెప్తారు, చుట్టాలకి చెప్పే కథ కాకుండా వేరేది.

ఇక ప్రయాణం. దానికి రెండు షరతులు పెట్టండి. ఇద్దరిలో ఎవరు 'వెనక్కి' అన్నా బండి తిరగాలి. కారణాలు, వాదనలు ఇంటికొచ్చాకే. ఈ హక్కు ఆయనకీ ఉంటుంది. రెండోది, ఆ డబ్బా వంతులవారీ. నడుం నొప్పైతే, టాయిలెట్ ఉన్న లాడ్జి పక్కనో బంకులోనో ఆపుకుని, బండిలో టాయిలెట్‌కి తాళం వేసేయాలి.

మొదటిసారి గోకర్ణం వద్దు. వికారాబాద్ అనంతగిరి చాలు, ఒక్క రాత్రి. మీకు కాస్త చిలిపితనం ఉంటే చేవెళ్ల మర్రిచెట్ల దగ్గర ఊరికే 'వెనక్కి' అని చూడండి, తెలిసిపోతుంది. ఇన్నేళ్లు నిలబెట్టిన బండి కాబట్టి టైర్లు, బ్యాటరీ, నీళ్ల ట్యాంకు, ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్, లోపల చేయించిన మార్పులు ఆర్సీలో ఎక్కాయో లేదో, అన్నీ చూడాలి. ఆ పని ఆయనకి అప్పజెప్పండి, నెలరోజులు హాయిగా గడుస్తుంది. మీ బీపీ మాత్రలు మాత్రం వెళ్లే రోజులకి రెట్టింపు పెట్టుకోండి. చీటీ మీద మందు అసలు పేరు రాయించుకోండి. హుబ్బళ్లిలో మీ కంపెనీ మాత్ర దొరక్క పడ్డ అవస్థ అందుకే.

సొంత బండి ఎక్కాలంటేనే ఒళ్లు జలదరిస్తే ఇంకో దారుంది. కేరళ ప్రభుత్వం 2021లో 'కేరవాన్ కేరళ' పేరుతో ఇలాంటి బండ్ల పర్యాటకం మొదలుపెట్టింది. డ్రైవర్‌తో సహా అద్దెకి దొరికేవి ఉంటాయి. స్టీరింగ్ ఇంకొకరి చేతిలో ఉంటే మీరిద్దరూ వెనక సీట్లో పక్కపక్కన కూర్చుంటారు. ఆయనకది నచ్చకపోవచ్చు. అయినా అడగండి.

ఈ రెండు షరతులకీ ఒప్పుకోకపోతే మీరు వెళ్లక్కర్లేదు. ఆయన్ని స్నేహితుడితో వెళ్లి రమ్మనండి. అమ్మడం సంగతా? ఆ మాట మీ ఇద్దరి మధ్యే తేలాలి. అబ్బాయి ఫోటోలు అడిగితే పంపకండి.