హావ్‌లాక్‌లో బస: సముద్రం ఒడ్డునా, బజారు వైపా?

సంక్రాంతి సెలవులకు వయసు మీరిన అమ్మానాన్నలతో, పిల్లలతో అండమాన్‌లోని హావ్‌లాక్ దీవికి వెళ్తున్నామని, రెండు రాత్రులకు సముద్రానికి ఎదురుగా ఉన్న కాటేజీ తీసుకోవాలా, సగం ధరకు దొరికే బజారు వైపు గది చాలునా అని మీరు అడిగారు. బజారు వైపు గదే తీసుకోండి. ఒకసారి ఆ రెట్టింపు ధర కట్టి వచ్చినవాణ్ణి కనుక ఇంత గట్టిగా చెబుతున్నాను.

కొన్నేళ్ల కిందట డిసెంబరులో నేను, నా భార్య, మా అత్తగారు వెళ్లాం. దీవి తూర్పు ఒడ్డున, విజయనగర్ దగ్గర, వరండా మెట్లు దిగితే నీళ్లలో కాలు పెట్టవచ్చన్నట్టు ఫొటోలున్న ఒక కాటేజీని నెల ముందే ఖాయం చేశాను. ఓడ దిగి, ఆటోలో సామాను వేసుకుని అక్కడికి చేరేసరికి మధ్యాహ్నం 3 గంటలు దాటింది. వరండాలో నిలబడి చూస్తే ఎదురుగా బూడిదరంగు పగడపు రాళ్లు, వాటి మధ్య పిక్కల లోతు కూడా లేని మడుగులు, ఒక పక్కకు ఒరిగి ఇసుకలో పడి ఉన్న పడవ, ఆ పైన ఎక్కడో దూరంగా తెల్లని నురగ గీత కనిపించాయి. మా అత్తగారు కళింగపట్నం దగ్గర పల్లెలో పుట్టి పెరిగిన మనిషి. కొంగు నడుముకు చుట్టి రెండు మెట్లు దిగి, కాసేపు చూసి, "బాబూ, మరి సముద్రం ఎక్కడ?" అని అడిగారు. నేను సమాధానం వెతుక్కుంటుండగా ఆవిడే, "ఇవాళ అమావాస్య కదూ, పాటుకు నీళ్లు దూరం పోతాయి, రాత్రికి పోటుకు తిరిగి వస్తాయిలెండి" అని నన్నే ఓదార్చారు.

ఆవిడ చెప్పినట్టే రాత్రి 9 గంటలు దాటాక నీళ్లు మెట్ల దాకా వచ్చాయి, కాని ఆ చీకట్లో దిగేదెవరు? మర్నాడు ఉదయం 10 గంటల ప్రాంతంలో మళ్లీ నిండుగా పోటు ఉంది. ఆ సమయానికి, ప్యాకేజీలో ముందే డబ్బు కట్టిన పడవలో మేం ఎలిఫెంట్ బీచ్‌కు వెళ్లి ఉన్నాం. తిరిగి వచ్చేసరికి నీరు వెనక్కి మళ్లింది. మూడో రోజు ఉదయం 8 గంటలకే గది ఖాళీ చేయమన్నారు. హావ్‌లాక్‌లో చాలా చోట్ల ఇదే పద్ధతి. మధ్యాహ్నం దాకా గదిలోకి రానివ్వరు, తెల్లవారగానే పొమ్మంటారు, పూర్తి రోజు అద్దె మాత్రం ముక్కుపిండి వసూలు చేస్తారు. మొత్తం మీద, ఎదురుగా ఉన్నందుకు డబ్బు కట్టిన సముద్రంలో మేం ఒక్కసారి కూడా మునగలేదు.

విశాఖ బీచ్‌లో తిరిగిన మనకు ఇది తోచకపోవడంలో వింత లేదు. అక్కడ ఒడ్డు వాలుగా ఉంటుంది కనుక పాటు సమయంలో కూడా నీళ్లు కొద్ది దూరమే వెనక్కి జరుగుతాయి. హావ్‌లాక్ తూర్పు ఒడ్డున పగడపు తిన్నె దాదాపు బల్లపరుపుగా చాలా దూరం పరచుకుని ఉండడం వల్ల, నీటిమట్టం ఒకటి రెండు మీటర్లు తగ్గితే చాలు, సముద్రమే లేచి వెళ్లిపోయినట్టు కనిపిస్తుంది. అమావాస్యకు, పౌర్ణమికి ఆ తేడా మరీ ఎక్కువ. పైగా పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతూ పోతుంది. వెబ్‌సైట్లలోని ఫొటోలన్నీ నిండు పోటులో తీసినవే. పెళ్లిచూపులకు పంపే ఫొటోలు కూడా వాటికంటే నిజాయితీగా ఉంటాయి.

మీరు మనసులో ఊహించుకుంటున్న బీచ్ పడమటి ఒడ్డున ఉన్న రాధానగర్. అక్కడివారు దాన్ని 7వ నంబరు బీచ్ అంటారు. అడుగున మెత్తని ఇసుక కాబట్టి పోటైనా పాటైనా స్నానానికి ఇబ్బంది ఉండదు, సూర్యాస్తమయం కూడా అక్కడే. అయితే ఓడరేవుకు సుమారు 12 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది, దగ్గరలో ఉన్న కొద్దిపాటి గదుల ధరలు చూస్తే కళ్లు తిరుగుతాయి, చీకటి పడ్డాక పిల్లలు ఆకలి అంటే తిరిగి ఆ హోటలు వంటింటి మీదే ఆధారపడాలి. అందుకే గోవిందనగర్ బజారు దగ్గర బస పెట్టుకుని, మిగిలిన డబ్బుతో రెండు పూటలా రాధానగర్‌కు ఆటో మాట్లాడుకోవడం మేలు. డిసెంబరు, జనవరి నెలల్లో అక్కడ సాయంత్రం 5 గంటలు దాటగానే పొద్దు కుంకుతుంది. అంచేత 3 గంటలకల్లా బయలుదేరండి, వెళ్లిన ఆటోనే ఉండమనండి. చీకటి పడితే మరో ఆటో దొరకడం కష్టం. బజారులో అన్నం, చేపల పులుసు తేలికగా దొరుకుతాయి. తూర్పు బెంగాల్ నుంచి వచ్చి స్థిరపడిన శరణార్థుల ఊళ్లు కనుక ఆ వంట మన పెద్దవాళ్లకు కొత్తగా అనిపించదు. మా అత్తగారు మాత్రం ఆవ ఘాటు ఎక్కువైందని ఒక పూట అలిగారు.

సూర్యోదయం చూడాలనే పట్టుదల ఉంటే తూర్పు ఒడ్డున గది తీసుకోవడంలో తప్పు లేదు, కాని పంచాంగం చూసుకున్నాకే డబ్బు కట్టండి. రెండోసారి వెళ్లే ముందు నేను అక్కడి ఒక చిన్న లాడ్జికి ఫోన్ చేసి, మధ్యాహ్నం 3 గంటలకు మీ గది కిటికీలోంచి ఏం కనిపిస్తుందని అడిగాను. అవతలి మనిషి కాసేపు ఆగి, "రాళ్లు సార్" అన్నాడు. ఆ గదే తీసుకున్నాను.