పుట్టి: కొలతా, పడవా, బుట్టా?

సందేహం: మా కోవూరు వైపు ధాన్యం బేరమంతా పుట్లలోనే సాగుతుంది, పుట్టి అంటే 850 కిలోలు. కృష్ణానది మీద తిరిగే గుండ్రని పడవనూ పుట్టి అంటారు. దుఃఖం పుట్టెడు ఎట్లా అయింది? వీటిలో అసలు అర్థమేది?

సమాధానం: మీరడిగిన మాట పాతదని చెప్పడానికి అద్దంకి దాకా వెళితే చాలు. వేంగీ చాళుక్య రాజు గుణగ విజయాదిత్యుని సేనాని పండరంగడు 848 ప్రాంతంలో అక్కడ వేయించిన శాసనాన్ని అందరూ తరువోజ పద్యం కోసమే తలచుకుంటారు. నేను మాత్రం పద్యం ముగిశాక వచ్చే వచనం దగ్గర ఆగుతాను. అక్కడ ఆదిత్య భటారునికి ఇచ్చిన భూమి ఎనభై పుట్ల వడ్లు పట్టే నేల అని ఉంది. నేలను గొలుసుతో కాక, అందులో చల్లే విత్తుతో కొలిచిన కాలమది. నన్నయకు రెండు వందల ఏండ్ల ముందే మన సీమలో రైతుమాట రాతికెక్కిందన్నమాట. ఇరవై తూములు పుట్టి, అందులో సగం పందుము, పాతిక ఏదుము. ఈ చివరి రెండు మాటలూ నేటి పిల్లలకు తెలియకపోవడం వారి తప్పు కాదు, చెప్పని మనదే.

కన్నడంలో పుట్టి అంటే చిన్న బుట్ట. తమిళంలో పుట్టిల్ అన్నా బుట్టే. మన బుట్ట కూడా ఈ కుదురుదే కావచ్చు. వెదురుతో అల్లి తోలు కప్పిన పడవకు, అంటే అరిగోలుకు, ఆ పేరు రావడంలో వింత లేదు. ధాన్యం కొలత కూడా ఏ పెద్ద బుట్ట నుంచో వచ్చి ఉంటుందని నా ఊహ. సంస్కృతంలోని పుటం, అంటే ఆకుదొన్నె, దీనికి మూలమనేవారున్నారు. ప్రతి తెలుగు మాటకూ సంస్కృతంలో తల్లిని వెదికే ఆ అలవాటు నాకు నచ్చదు గాని, అది పూర్తిగా అసాధ్యమని కూడా అనలేను.

‘పుట్టు’ క్రియకు వచ్చే క్త్వార్థకం ‘పుట్టి’, అంటే ‘పుట్టిన తరువాత’ అనే అర్థమిచ్చే రూపం, వేరే మాట. దానిని ఇందులో కలపవద్దు.

ఇక పుట్టెడు. గంపెడు, కుంచెడు వంటిదే ఇది, పుట్టి నిండినంత. చీమల పుట్టకు ‘ఎడు’ చేర్చినా రూపం ఇదే అవుతుంది కాబట్టి కొందరు దుఃఖాన్ని పుట్టతో పోలుస్తారు. పుట్టతో ఎవరూ దేనినీ కొలిచిన జాడ లేదు గనుక నేను ధాన్యం వైపే మొగ్గుతాను. ‘టన్నుల కొద్దీ ఆనందం’ అని రాసే నేటి రచయితలు, కోవూరు మిల్లు వాకిట ఒక్క పూట నిలబడితే పుట్టెడు ఎంతో వారికి కంటికే తెలుస్తుంది.