చక్కెర పోసిన అచ్చు

తమ్ముడూ,

రంధ్రాల కార్బన్ మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. ఆదిలాబాద్ డోక్రా బొమ్మతో పోల్చడం నాకెంతో నచ్చింది. మైనపు బొమ్మకు మట్టి పూసి, మైనం కరిగించి తీసేసి, ఆ ఖాళీలో లోహం పోస్తారు కదా. అయితే ఇసుకలో ఉండే సిలికాను మైనం అన్నావు, పాఠకుడు దారి తప్పేది అక్కడే. ఎస్‌బీఏ-15 అనే రకం సిలికాలో మైనం పాత్ర పీ123 అనే పాలిమర్‌ది. 550 డిగ్రీల దగ్గర అది కాలిపోతే సన్నటి గొట్టాలు ఖాళీగా మిగులుతాయి. సిలికా మట్టి అచ్చు. కరిగిన లోహం బదులు మనం పోసేది చక్కెర నీళ్లు.

కొలతలు తీసేయకు, పక్కనే కారణం రాయి. కొరియాలోని కైస్ట్ పరిశోధకులు 2000లో ప్రకటించిన సీఎంకే-3 అనే కార్బన్ తయారీ పద్ధతిలో 1 గ్రాము సిలికాకు 1.25 గ్రాముల చక్కెర, 0.14 గ్రాముల సల్ఫ్యూరిక్ ఆమ్లం, 5 గ్రాముల నీళ్లు. 100 డిగ్రీల దగ్గర 6 గంటలు, 160 దగ్గర మరో 6 గంటలు. ఆపైన 0.8 గ్రాముల చక్కెర, 0.09 గ్రాముల ఆమ్లం, 5 గ్రాముల నీళ్లతో రెండో విడత. ఎందుకు రెండోసారి? నీరు పోయాక చక్కెర కుంచించుకుపోయి గొట్టాల్లో ఖాళీలు మిగులుతాయి. వాటిని నింపకపోతే సిలికా తీయగానే కార్బన్ కూలుతుంది. చక్కెర మరీ ఎక్కువైతే రేణువుల బయట రంధ్రాల్లేని కార్బన్ పేరుకుంటుంది. తర్వాత 900 డిగ్రీల్లో, గాలి తగలకుండా కాల్చాలి.

ఎంసీఎం-41 అనే మరో రకం సిలికా సంగతి ఒక్క వాక్యంలో దాటేశావు, నిజానికి అసలు కథ అదే. దాని గొట్టాలు ఒకదానితో ఒకటి కలవవు. అచ్చు కరిగాక కార్బన్ కడ్డీలు చెల్లాచెదురవుతాయి. ఎస్‌బీఏ-15 గోడల్లో 2 నానోమీటర్ల లోపు చిల్లులుంటాయి. వాటిలో ఏర్పడిన కార్బన్ వంతెనలే కడ్డీలను వరసలో పట్టి ఉంచుతాయి.

చివర్లో సిలికా అచ్చును కరిగించే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పేరు రాసిన చోటే దాని ప్రమాదమూ రాయి. అది చర్మంలోంచి లోతుగా ఇంకుతుంది. దానికి విరుగుడుగా పూసే కాల్షియం గ్లూకోనేట్ జెల్ చేతికందేలా ఉండాలి, ఒంటరిగా ఆ పని చేయకూడదు. గాజూ సిలికానే, కాబట్టి గాజు పాత్ర పనికిరాదు. నీళ్లు, ఇథనాల్ కలిపిన వేడి సోడియం హైడ్రాక్సైడ్ కూడా సిలికాను కరిగిస్తుందని చెప్పు. కార్బన్ నీటికి సరిగా తడవదు, ఇథనాల్ అందుకే.

ఈ కార్బన్ ఉపరితలం, రంధ్రాల లోపలి గోడలతో కలిపి, గ్రాముకు సుమారు 1,500 చదరపు మీటర్లంటే మనవాళ్లకు పట్టుబడదు. 37 సెంట్ల నేల అను. ఆ అంకె వేసేముందు కొంచెం నమూనాను గాలిలో 800 డిగ్రీల దాకా కాల్చి, మిగిలిన బూడిద తూచారో లేదో అడుగు. కార్బన్ కాలిపోతుంది, సిలికా కాలదు; బూడిదగా సిలికా మిగిలి ఉంటే ఆ గ్రాములో కార్బన్ తక్కువన్నమాట.

ఆశీస్సులతో,
అన్నయ్య