పన్నెండు టెన్సులూ వచ్చు, నోరు మాత్రం పెగలదు

విశాఖ గాజువాక నుంచి ఒక అమ్మ రాశారు. పాప ఏడో తరగతి, స్టేట్ సిలబస్, ప్రైవేటు ఇంగ్లిష్ మీడియం. పన్నెండు టెన్సుల టేబుల్ తడుముకోకుండా రాసేస్తుంది, మార్కులూ బాగానే వస్తాయి, కానీ ఎవరైనా ఇంగ్లిష్‌లో పలకరిస్తే బిగుసుకుపోతుంది. స్కూల్లో చూస్తే ఇంకా మా ఇల్లు, మా వీధి, బజారు అంటూ చిన్నపిల్లల టాపిక్కులే మాట్లాడిస్తున్నారట. ద్వారకానగర్‌లో 45 రోజుల స్పోకెన్ ఇంగ్లిష్‌లో చేర్చాలా, జూన్‌లో సీబీఎస్ఈకి మార్చేయాలా అని అడుగుతున్నారు. చివర్లో ఒక మాట: "నాలాగా ఇంగ్లిష్ రాక ఎక్కడ ఆగిపోతుందోనని నిద్ర పట్టట్లేదు మేడం."

అమ్మా, ఈ టెన్షన్‌తో నా దగ్గరకి వచ్చేవాళ్ళు చాలామందే ఉంటారు, ఊళ్ళూ క్లాసులూ వేరు, అంతే. మీ పాప ఎక్కడా ఆగిపోలేదు. క్లాసులో ఇంగ్లిష్ రాయిస్తారు, మాట్లాడుకునేది తెలుగులో, ఇంటికొచ్చినా తెలుగే. మరి నోటికి అలవాటు ఎక్కణ్ణుంచి వస్తుంది?

"ఐ విల్ గో టు స్కూల్ డైలీ" అంటుందని బాధపడుతూ రాశారు. మనం "రోజూ వెళ్తాను" అన్నా "రేపు వెళ్తాను" అన్నా క్రియ ఒక్కటే కదా, అందుకని పిల్ల రెండింటికీ విల్ తగిలిస్తుంది. "ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్", "డిడ్ యు వెంట్" కూడా ఇలాంటివే, తెలుగు పిల్లలందరూ ఈ దారిలోనే నడుస్తారు. ఇవి టేబుల్ ఇంకో వందసార్లు రాస్తే పోయేవి కావు, చెప్పగా చెప్పగా, వినగా వినగా పోతాయి.

ఇక ఆ చిన్నపిల్లల టాపిక్కులు. వాటి మీద మీకెందుకంత చిన్నచూపు? రేపు ఉద్యోగం ఇంటర్వ్యూలో మొదట అడిగేది "నీ గురించి చెప్పు" అనే. మాది ఫలానా ఊరు, ఫలానా చోట చదివాను, ఇప్పుడు ఇది నేర్చుకుంటున్నాను, రెండేళ్ళుగా ఇది చేస్తున్నాను. లెక్కేసుకోండి, నాలుగు టెన్సులు అక్కడే అయిపోయాయి. ఫ్యూచర్ పర్ఫెక్ట్ కంటిన్యువస్ వాడాల్సిన సందర్భం ఇంగ్లిష్ మాతృభాష అయినవాళ్ళకే ఎప్పుడో గానీ రాదు, దానికోసం పిల్లని కూర్చోబెట్టి తోమకండి.

బీచ్‌కి వెళ్తారు కదా, కురుసుర సబ్‌మెరీన్ దగ్గర ఆగండి. అది 1969లో నేవీలో చేరింది, 2001లో రిటైరైంది, 2002 నుంచి మ్యూజియంగా ఉంది. ఈ ముక్కల్నే పాపతో చెప్పించండి: "ఇట్ జాయిన్డ్ ది నేవీ ఇన్ 1969. ఇట్ హాజ్ బీన్ ఎ మ్యూజియం సిన్స్ 2002." అయిపోయిన సంగతికి ఒక రూపం, ఇప్పటికీ సాగుతున్నదానికి ఇంకో రూపం. టేబుల్లో పిల్లల్ని ఏడిపించే ప్రెజెంట్ పర్ఫెక్ట్ ఎదురుగా ఇనుములో కనిపిస్తుంటే ఇంక బట్టీ దేనికి? ఇంట్లో అయితే హుద్‌హుద్ తుఫాను కబుర్లు చెప్పండి, తెలుగులోనే. 2014 అక్టోబర్ 12న మీరేం చేస్తున్నారు, ఏ చెట్టు ఎప్పుడు పడింది, కరెంటు ఎన్ని రోజులకి వచ్చింది. అప్పటికి పాప చంటిది, వినాలని ఉంటుంది. విన్నాక తనని ఇంగ్లిష్‌లో చెప్పమనండి. "వెన్ ది ట్రీ ఫెల్, మై మదర్ వాజ్ కుకింగ్." పాస్ట్ కంటిన్యువస్ పాఠం అంతే, మీకు ఇంగ్లిష్ రాకపోయినా ఆ పాఠానికి కథ ఇచ్చింది మీరే.

స్పోకెన్ ఇంగ్లిష్ సంగతి కొంచెం గట్టిగానే చెప్తాను. ద్వారకానగర్‌లో ఏ సందులోకి తిరిగినా కోచింగ్ బోర్డులే. కొన్నిచోట్ల బాగా చెప్తారు, కాదనను. కానీ ఏడో తరగతి పిల్లని బీటెక్ పిల్లల బ్యాచ్‌లో కూర్చోబెట్టి మళ్ళీ అదే టేబుల్ బోర్డు మీద రాసి, ఒక సెల్ఫ్ ఇంట్రడక్షన్ కంఠతా పట్టించి, వీడియో తీసి వాట్సాప్‌లో పెడితే దాన్ని నేర్చుకోవడం అనుకోలేను. అలా బట్టీ పట్టినవాళ్ళు నా దగ్గరకీ వస్తారు. నిమిషం గడగడా చెప్తారు, మధ్యలో ఆపి "నిన్న సాయంత్రం ఏం చేశావ్" అంటే అక్కడే ఆగిపోతారు. చేర్చే ముందు ఒక్కటి అడగండి, బ్యాచ్‌లో ఎంతమంది అని. నలభై మంది, గంట క్లాసు అంటే, సార్ నోరు మూసుకుని కూర్చున్నా మీ పాపకి దక్కేది నిమిషన్నర.

ఇప్పుడు కోపం తెచ్చుకోకండి. చుట్టాలు వచ్చినప్పుడు "అంకుల్‌కి ఇంగ్లిష్‌లో చెప్పమ్మా" అని నిలబెడుతున్నట్టు మీరే రాశారు. పాప తప్పు మాట్లాడితే అందరిముందు దిద్దుతున్నారు, పక్కింటి పిల్లతో పోలుస్తున్నారు. నలుగురిలో నవ్వులపాలైన పిల్ల మళ్ళీ నోరు తెరుస్తుందా? మిమ్మల్ని మీ చిన్నప్పుడు ఎవరో ఇలాగే చేసి ఉంటారు, ఆ బాకీ పాపతో తీర్పించకండి. వాక్యం పూర్తయ్యేదాకా ఆగండి, తప్పు ఉంటే అదే మాటని మీరు సరిగ్గా తిప్పి అనండి, చాలు. మీకు రాకపోతే ఊరికే వినండి.

సీబీఎస్ఈ మాట. అక్కడ తొమ్మిది, పదిలో ఇంగ్లిష్ రాత పరీక్ష 80 మార్కులకి, మిగతా 20 స్కూలు వేసేవి, వినడం మాట్లాడడం ఆ ఇరవైలో ఒక భాగం. ఆ మాత్రం కోసం స్నేహితుల్ని, టీచర్లని, దగ్గర స్కూలుని వదిలించి గంటసేపు బస్సెక్కించడం నాకు నచ్చదు. మీవారిది ట్రాన్స్‌ఫర్లుండే ఉద్యోగమైతే వేరే సంగతి, అప్పుడు తప్పకుండా మార్చండి.

ఇన్‌స్టిట్యూట్‌కి అడ్వాన్స్ ఇచ్చేశామన్నారు కదా, డెమో క్లాసులో పాప పక్కనే మీరూ కూర్చోండి. గంటలో పాప నోరు తెరిచింది ఒక్కసారేనని తేలితే, మొహమాటపడకుండా డబ్బు వెనక్కి అడగండి.