సౌత్ మౌంటెన్ దిగబోయే మేనల్లుడికి

చాండ్లర్, అరిజోనా

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు మౌంటెన్ బైకు కొన్నావనీ, ఈ చలికాలంలోనే ఫీనిక్స్ సౌత్ మౌంటెన్ చుట్టు పూర్తిచేయాలని ఉబలాటపడుతున్నావనీ అక్కయ్య ఫోనులో చెప్పింది. పీమా కాన్యన్ దగ్గర బయలుదేరి, డెజర్ట్ క్లాసిక్ అనే బాట మీదుగా సుమారు 9 మైళ్లు పడమరకు వెళ్లి, టెలిగ్రాఫ్ పాస్ అనే కనుమ ఎక్కి, నేషనల్ ట్రెయిల్ మీద తిరిగి పీమాకు దిగే ఆ దారిలో నేను పదిహేనేళ్లుగా తొక్కుతున్నాను కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను. ఎక్కుడు గురించి చెప్పవలసింది పెద్దగా లేదు. టెలిగ్రాఫ్ పాస్ దగ్గర సైకిలును భుజాన వేసుకోవలసి వస్తే సిగ్గుపడకు, నేను నేటికీ మోస్తూనే ఉన్నాను.

దిగుడు సంగతి వేరు. తూర్పు వైపు గ్రానైటు రాయి ఏళ్ల తరబడి చిట్లి, పలుకులుగా రాలి, గట్టి నేలమీద పరుచుకుని ఉంటుంది. నాపరాళ్ల అరుగు మీద జొన్నలు ఒలికినప్పుడు కాలు ఎలా జారుతుందో, అక్కడ చక్రమూ అలాగే జారుతుంది. ఉత్త బండ మాత్రం టైరును గట్టిగా పట్టుకుంటుంది. కాబట్టి వేగమంతా బండమీదే తగ్గించుకుని, పలుకుల మీదికి రాబోయే ముందే ముందు చక్రపు బ్రేకు సడలించాలి. కొత్తవాళ్లు దీనికి తలకిందులుగా, బండమీద ధీమాగా వదిలేసి, పలుకులు కనిపించగానే భయంతో బ్రేకు బిగిస్తారు. ముందు చక్రం ఆగిపోయి పక్కకు కొట్టుకుపోతుంది. ఒక్కొక్క బ్రేకుకు ఒక్క వేలే వాడు, మిగిలిన వేళ్లు హ్యాండిల్‌ను వదలకూడదు.

నేషనల్ మీద వాటర్‌ఫాల్ అని పిలిచే చోటు ఒకటుంది. పేరే గాని నీళ్లుండవు, మెట్లు మెట్లుగా బండరాళ్లు. అక్కడ పైనే సైకిలు ఆనించి, కిందిదాకా నడిచి వెళ్లి, వెనక్కి తిరిగి పైకి చూడు. పైనుంచి చూసినప్పుడు దాగి ఉన్న సందులు కిందినుంచి చూస్తే బయటపడతాయి. మనసుకు నచ్చకపోతే నడిపించుకుంటూ దిగు. తొక్కదలిస్తే సీటు పూర్తిగా దించి, పెడళ్లు సమంగా ఉంచి, మడమలు కిందికి వంచి, బరువంతా పాదాల మీద పెట్టు. భయంతో మరీ వెనక్కి వేలాడితే ముందు చక్రం తేలికై, తిప్పినా మాట వినదు.

నేను పడింది అక్కడ కాదు. వాటర్‌ఫాల్ దాటేశానన్న సంతోషంలో ఆ కిందనున్న మామూలు మలుపులో పరధ్యానంగా బ్రేకు నొక్కి, నేరుగా చోయా ముళ్లపొదలో పడ్డాను. ఆ కాడల ముళ్లకు కొనల్లో వెనక్కి వంగిన సన్నని కొక్కేలుంటాయి. చేత్తో లాగబోతే ఆ చేతికే అంటుకుంటాయి. మోచేతికి అతుక్కున్న నిమ్మకాయంత ముద్దను తీయడానికి రెండు పుల్లలతో అరగంట అవస్థపడ్డాను. అప్పటినుంచి నా సంచిలో ఒక పాత దువ్వెనా, పట్టకారూ ఉంటాయి. దువ్వెన పళ్లు ముద్ద కింద దూర్చి ఒక్క విదుపు విదిపితే ఊడివస్తుంది. ఆ ముళ్ల వల్లనే ట్యూబులు లేని టైర్లు, లోపల చిల్లులు పూడ్చే సీలెంటు ద్రవమూ అవసరం. ఈ పొడిగాలికి అది త్వరగా ఎండిపోతుంది గనుక రెండు నెలలకొకసారి చూసుకో.

నీళ్ల విషయంలో మన విజయవాడ లెక్క ఇక్కడ పనికిరాదు. అక్కడ ఉక్కపోతకు చొక్కా తడిసి హెచ్చరిస్తుంది, ఇక్కడ చెమట పుట్టగానే ఆరిపోవడంతో ఒంట్లో నీరు ఎంత పోయిందో తెలియదు. మూడు లీటర్లకు తగ్గకుండా తీసుకో, దారిలో దొరుకుతాయని ఆశపడకు. టెలిగ్రాఫ్ పాస్ చేరేలోపే సగం అయిపోతే, వచ్చిన దారినే వెనుదిరుగు. 2023లో ఫీనిక్స్‌లో 31 రోజులు వరుసగా పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత 110 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు తగ్గలేదు. రెంటచింతల ఎండ చూసినవాణ్ణే అయినా వేసవిలో నేను ఆ కొండ జోలికి వెళ్లను.

ఎదురుగా నడిచి వచ్చేవారికైనా, గుర్రాలకైనా, ఎక్కే సైకిళ్లకైనా ఆగవలసింది దిగే నువ్వే. ఒంటరిగా మాత్రం పోకు. వచ్చే శనివారం తెల్లవారగానే పీమా పార్కింగు దగ్గర ఉంటాను. మొదటిసారి నా వెనుకనే, నాలుగైదు సైకిళ్ల దూరం వదిలి రా.

ఆశీస్సులతో,
మామయ్య