సింధుకి, ఫ్లాష్ పాఠాల సంగతి

చి. సింధుకి,

పెదనాన్న ఆశీస్సులు. స్కూల్లో పాత సీడీల్లో ఉన్న సైన్సు పాఠాలను మళ్లీ ఆడించే పని నీ నెత్తిన పడిందనీ, ఎక్కడో ఫ్లాష్ ప్లేయర్ (బ్రౌజర్లో కదిలే బొమ్మల పాఠాలు ఆడించే అడోబీ వాళ్ల పాత సాఫ్ట్‌వేర్) దొరికితే దించుకున్నాననీ రాశావు. ముందు ఆ ఇన్‌స్టాలర్ని తీసి పారెయ్ తల్లీ. అడోబీ 2020 డిసెంబర్ 31తో ఫ్లాష్‌కి నీళ్లొదిలేసింది. 2021 జనవరిలో క్రోమ్, ఫైర్‌ఫాక్స్ కూడా తలుపులు మూసేశాయి. ఇవాళ ఊరూపేరూ లేని సైటు దాన్ని ఊరికే ఇస్తోందంటే లోపల ఇంకేదో ఉందనే అనుకో.

నీకు కావలసింది రఫల్. ఫ్లాష్ ఫైళ్లను వెబ్‌అసెంబ్లీతో (బ్రౌజర్ నేరుగా నడిపే ఒక రకం కోడ్) ఆడించే ఉచిత ఎమ్యులేటర్, అంటే పాత ప్లేయర్‌లా నటించే ప్రోగ్రామ్ అది. బ్రౌజర్‌కి ఎక్స్‌టెన్షన్‌లా తగిలించుకోవచ్చు, లేదా సర్వర్లోనే పెట్టొచ్చు. ల్యాబ్‌లో ఒక్కో కంప్యూటర్ దగ్గరా కూర్చునే ఓపిక నీకెక్కడిది? సర్వర్లోనే పెట్టు. రఫల్ జిప్ విప్పి ఫైళ్లన్నీ ఒకే ఫోల్డర్లో ఉంచి, పాఠం పేజీలో స్క్రిప్ట్ ట్యాగ్ ఒక్కటి చేరిస్తే చాలు. ఫైలు మీద డబుల్ క్లిక్ చేసి తెరిచి చూసి, పనిచేయలేదని కంగారుపడకు. సర్వర్ ద్వారా రాకపోతే అది కదలదు.

ఇక్కడే నా పాత తప్పొకటి చెప్పాలి. డయలప్ రోజుల్లో ఒక సైటుకి రియల్ ఆడియో (అప్పటి ఒక పాటల ఫార్మాట్) పాటలు ఎక్కించాను. లింకు నొక్కితే పాట రాదు, తెరమీద ఒక్క లైను అడ్రస్ కనిపిస్తుంది. ప్లేయర్ పాడైందనుకుని రెండు రాత్రులు తీసేసి పెట్టి, పెట్టి తీసేసి చచ్చాను. తీరా చూస్తే ప్లేయర్ శుభ్రంగానే ఉంది. పాట అడ్రస్ ఉండే .రామ్ (.ram) ఫైలంటే ఏమిటో నా సర్వర్‌కే తెలియదు, మామూలు టెక్స్ట్ అని చెప్పి పంపేస్తోంది. బ్రౌజర్ ఆ మాట నమ్మి, అక్షరాలు చూపించి ఊరుకుంది. సర్వర్లో మైమ్ టైప్ (ఇది ఏ రకం ఫైలో బ్రౌజర్‌కి చెప్పే చీటీ) వరుస ఒకటి చేర్చగానే పాట వచ్చింది.

నీకూ అదే గండం ఉంది. రఫల్‌లో ఉండే వెబ్‌అసెంబ్లీ ఫైలుని, అంటే .వాజమ్ (.wasm) ఫైలుని, సర్వర్ 'అప్లికేషన్/వాజమ్' (application/wasm) అని పంపాలి. సర్వర్ సాఫ్ట్‌వేర్ అపాచీ అయితే .హెచ్‌టీయాక్సెస్ (.htaccess) అనే సెట్టింగుల ఫైల్లో ఆడ్‌టైప్ (AddType) వరుస రాయి. ఎన్‌జినెక్స్ అయితే మైమ్.టైప్స్ ఫైల్లో ఉందో లేదో చూడు. పాత వాటిలో ఉండదు. చేర్చాక సర్వర్ని రీలోడ్ చెయ్యి. చేశాక కూడా పాత జవాబే వస్తుంటే బ్రౌజర్ క్యాష్ (అది దాచుకున్న పాత కాపీలు) ఖాళీ చేసి చూడు. సెక్యూరిటీ పాలసీ హెడర్ (పేజీలో ఏ కోడ్ నడవొచ్చో సర్వర్ పంపే నియమం) ఉంటే అది వెబ్‌అసెంబ్లీని ఆపేస్తోందేమో కూడా గమనించు.

ఇంకో తలనొప్పి ఫైళ్ల పేర్లు. సీడీ చేసినవాడు విండోస్ మీద చేశాడు, అక్కడ పెద్దక్షరమైనా చిన్నక్షరమైనా ఒకటే. లైనక్స్ సర్వర్ ఒప్పుకోదు. మొదటి పాఠం తెరుచుకుని రెండోది 404 (ఫైలు దొరకలేదు) అంటే సగం సార్లు కారణం ఇదే. పాఠం లోపల ఏ పేరుతో పిలుస్తున్నారో అచ్చం అదే పేరు పెట్టు.

తెలుగు అక్షరాల సంగతి కూడా చూసుకో. అప్పట్లో యూనికోడ్ (అన్ని కంప్యూటర్లలో ఒకేలా పనిచేసే అక్షర పద్ధతి) కాని ఫాంట్లు వాడేవాళ్లు. ఫాంట్‌ని ఫైల్లోనే పొదిగి ఉంటే చక్కగా కనిపిస్తుంది. లేకపోతే 'కిరణజన్య సంయోగక్రియ' బదులు ఇంగ్లిషు అక్షరాల కలగాపులగం వస్తుంది. అలాంటి పాఠాలని పక్కన పెట్టెయ్, వాటితో కుస్తీ దండగ. 2006లో వచ్చిన ఫ్లాష్ ప్రోగ్రామింగ్ భాష యాక్షన్‌స్క్రిప్ట్ 3తో రాసిన పాఠాలు కొన్ని మొరాయించవచ్చు. అంతకు ముందువి ఎక్కువ భాగం ఆడతాయి.

విడిగా ఉన్న వీడియోలని, వీడియో రకం మార్చే ప్రోగ్రామ్ ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌తో ఎంపీ4 చేసెయ్. చేసేటప్పుడు ఫాస్ట్‌స్టార్ట్ ఆప్షన్ మర్చిపోకు. లేకపోతే ఫైలు సూచిక చివర్లో ఉండిపోయి, వీడియో మొదలవడానికే పిల్లలు ఎదురుచూస్తారు.

ఎక్కడైనా ఆగిపోతే ఖాళీ తెర ఫోటో పంపకు. ఎఫ్12 నొక్కి, నెట్‌వర్క్ ట్యాబ్‌లో ఎర్రగా ఉన్న వరుసలు, వాటి కంటెంట్ టైప్ రాసి పంపు. ఆదివారం పొద్దున నేను ఖాళీయే.

ఇట్లు,
పెదనాన్న